అడవిదారిలో మరణం గురించి చదవాలనుకుంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి శివరాత్రి నడక నడిచినవాళ్ళలో కొందరు, కర్నూలుకు తిరిగి వచ్చి కాళ్ళ బొబ్బలు మానకముందే, నా దగ్గరికి ఒక కోరికతో వస్తుంటారు. అడవిలో దారి తప్పినవాళ్ళ గురించి, మంచులో చిక్కుకున్నవాళ్ళ గురించి, నడుస్తూ నడుస్తూ ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ గురించి మంచి పుస్తకం ఏదైనా చెప్పమంటారు. అలాంటివి ఇంగ్లీషులో అరలకొద్దీ ఉన్నాయి. అట్ట మీద అన్నిటికీ ఒకే రకం పొగడ్త ఉంటుంది కాబట్టి అట్ట చూసి ఎంచుకోవడం సాధ్యం కాదు. ఒకరికి కన్ను తెరిపించిన పుస్తకం మరొకరిని తప్పుదారి పట్టించగలదు. అందుకే నేను చదివి, ఇతరులకు ఇచ్చి, వాళ్ళు ఏమన్నారో విన్న ఎనిమిది పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

ఈ సంగతులు మనకు దూరపువి కావు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నపిల్ల బలైపోయింది. 2025లో శివరాత్రి ముందు గుండాలకోనకు అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తులను ఏనుగులు తొక్కి చంపాయి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట మీద కూలినప్పుడు, యంత్రాంగమంతా కదిలి వెతికినా మరునాటి పొద్దున గాని దాని జాడ తెలియలేదు. ముఖ్యమంత్రి కోసమే అంతసేపు వెతకాల్సివచ్చిన అడవిలో, ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన ఇద్దరు కుర్రవాళ్ళను ఎవరు, ఎంతసేపట్లో కనిపెట్టగలరో ఆలోచించుకోవాలి.

ముందుగా చూసుకోవలసిన సంగతులు

రాసిన మనిషి ఎక్కడ నిలబడి రాశారన్నది మొదటిది. చావు అంచు దాకా పోయి వచ్చినవారు రాసిన పుస్తకం వేరు, పక్కన ఉండి చూసినవారిది వేరు, అంతా అయిపోయాక వెళ్ళి నలుగురినీ వాకబు చేసి రాసినవారిది వేరు. బతికి వచ్చినవారి పుస్తకంలో బలం ఎక్కువ, కాని అందులో ఒక చిక్కు కూడా ఉంది. అంతే పట్టుదలతో పాకి, అంతే గట్టిగా దేవుణ్ణి తలచుకొని, అయినా గమ్యం చేరలేకపోయినవారు పుస్తకం రాయలేదు. ఈ మాట గుర్తుంచుకోకపోతే, గుండె ధైర్యం ఉంటే చాలు, ఎక్కడి నుంచైనా బయటపడవచ్చన్న నమ్మకం తెలియకుండానే మనసులో పాతుకుపోతుంది.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, తప్పు మొదలైన గడియను ఆ పుస్తకం చూపిస్తుందా లేదా అన్నది. కొన్నేళ్ళ కిందట వైశాఖంలో మేము నలుగురం ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దర్శనం చేసుకొని, ఆపైన ఉగ్రస్తంభం ఎక్కుదామని వెళ్ళాం. పొద్దున ఆరింటికి నడక మొదలుపెట్టాలన్నది అనుకున్న మాట. టిఫిను దగ్గర కబుర్లలో పడి తొమ్మిదిన్నర చేశాం. నలుగురికీ కలిపి ఐదు లీటర్ల నీళ్ళు ఉన్నాయి. స్తంభం దారిలో సగం ఎక్కేసరికి మాలో ఒకతనికి చెమట పట్టడం ఆగిపోయింది. మాట ముద్దగా వస్తోంది, అయినా "నాకేం కాలేదు, పదండి" అంటూనే ఉన్నాడు. మేమూ అతని మాటే నమ్మాం. పైనుంచి దిగి వస్తున్న ఒక పెద్దాయన ఆగి, అతని మణికట్టు పట్టుకొని చూసి, "ఒళ్ళు పెనం మాదిరి కాల్తాంది నాయనా, కిందికి దింపుకపోండి" అన్నాడు. మిగిలిన నీళ్ళతో తువ్వాలు తడిపి మెడకు, చంకలకు చుట్టి, ఒక బండ నీడలో రెండు గంటలు కూర్చోబెట్టి, తర్వాత మెల్లగా దింపుకొన్నాం. మా తప్పు ఆ బండల మీద జరిగిందని చాలా రోజులు అనుకున్నాను. అది పొద్దున ఏడు గంటలకు, దోసె పళ్ళెం ముందు జరిగిందని తర్వాత ఈ పుస్తకాలు చదివినప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఏ పుస్తకం చేతికి తీసుకున్నా, అందులో ఆ ఏడు గంటలు ఎక్కడున్నాయో వెతుకుతాను.

ఆ తర్వాత చూడవలసింది చనిపోయినవారి పట్ల మర్యాద. వాళ్ళకూ తల్లిదండ్రులున్నారు, ఆ పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళ చేతికీ వస్తుంది. మన ఎండకు, మన కొండకు ఎంతవరకు పనికొస్తుందన్నది, ఇంగ్లీషు ఎంత తేలిక, ఎన్ని పేజీలు అన్నవి చివర చూసుకోదగ్గవి. మంచు గొడ్డలి పట్టుకోవడం మనకు అక్కర లేదు గాని, సాయంత్రంలోగా తిరిగి రావడం ఎక్కడైనా ఒకటే.

| పుస్తకం | చోటు, కాలం | రాసినవారు నిలబడిన చోటు | తప్పు మొదలైన గడియ | చదవడానికి |
|---|---|---|---|---|
| ఇంటు ద వైల్డ్ | అలాస్కా, 1992 | తర్వాత వాకబు చేసినవారు | కనిపిస్తుంది, వెతుక్కోవాలి | తేలిక, చిన్నది |
| ఇంటు థిన్ ఎయిర్ | ఎవరెస్టు, 1996 | ఆ రోజు అక్కడే ఉన్నవారు | గడియారంతో సహా | తేలిక, పేర్లు ఎక్కువ |
| టచింగ్ ద వాయిడ్ | పెరూ, 1985 | చావు నుంచి తిరిగి వచ్చినవారు | కొంతవరకు | కొండ ఎక్కేవారి మాటలు అడ్డుపడతాయి |
| ఓవర్ ద ఎడ్జ్ | గ్రాండ్ కాన్యన్, వందేళ్ళకు పైగా | రికార్డులు తిరగేసినవారు | ప్రతి ఘటనకూ | విడివిడిగా చదవవచ్చు, లావుది |
| రుద్రప్రయాగ చిరుత | గఢ్వాల్, 1918–1926 | వేటకు వచ్చినవారు | వేరే రకంగా | పాత ఇంగ్లీషు, హాయిగా సాగుతుంది |
| ద వరస్ట్ జర్నీ ఇన్ ద వరల్డ్ | అంటార్కిటికా, 1910–1913 | తోటివారిని పోగొట్టుకున్నవారు | జీవితమంతా అదే ప్రశ్న | పెద్దది, ఓపిక కావాలి |
| వైల్డ్ | పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్, 1995 | నడిచినవారే | లోపలి తప్పులు ఎక్కువ | చాలా తేలిక |
| కాశీయాత్ర చరిత్ర | మద్రాసు నుంచి కాశి, 1830–31 | యాత్ర చేసినవారే | ముందుజాగ్రత్తల రూపంలో | పాత తెలుగు |

ఇంటు ద వైల్డ్: అందరూ అడిగేది, అందరికీ ఇవ్వలేనిది

జాన్ క్రాకౌర్ 1996లో ప్రచురించిన ఈ పుస్తకం గురించే కుర్రవాళ్ళు ముందుగా అడుగుతారు, ఎందుకంటే 2007లో వచ్చిన సినిమా చాలామంది చూసి ఉన్నారు. క్రిస్ మెకాండ్లెస్ అనే 24 ఏళ్ళ యువకుడు 1992 ఏప్రిల్లో దాదాపు నాలుగున్నర కిలోల బియ్యంతో, ఒక తుపాకీతో అలాస్కా అడవిలోకి నడిచి వెళ్ళి, అక్కడ వదిలేసిన పాత బస్సులో నివసించి, ఆగస్టులో ఆకలితో చనిపోయాడు. సెప్టెంబరు మొదట్లో వేటగాళ్ళు అతని శవాన్ని చూశారు.

ఈ పుస్తకంలో నేను పదేపదే వెనక్కి వెళ్ళి చదివేది నది దగ్గరి భాగం. ఏప్రిల్లో మంచు కరగకముందు టెక్లనికా నదిని అతను నడిచి దాటాడు. జూలైలో ఇంటికి పోదామని తిరిగి వచ్చేసరికి అదే నది పొంగి ఒరుసుకుంటూ పోతోంది. దాటలేక బస్సుకే తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడికి కిలోమీటరు దూరం కూడా లేని చోట, తీగ మీద చేత్తో లాక్కుంటూ నది దాటే బుట్ట ఒకటి ఉంది. చేతిలో సరైన పటం లేనందువల్ల ఆ సంగతి అతనికి తెలియదు. ఎండాకాలంలో ఇసుక తేలిన వాగు శ్రావణంలో ఎలా ఉంటుందో చూసిన మనవాళ్ళకు ఈ పేజీలకు వివరణ అక్కర లేదు.

చావుకు కారణం విషయంలో రచయిత తన అభిప్రాయాన్ని ఒకటికి రెండుసార్లు మార్చుకున్నారు, ఆ మార్పును దాచుకోలేదు కూడా. అతను తిన్న అడవి బంగాళాదుంప గింజల్లో ఓడాప్ అనే విషపదార్థం ఉండవచ్చని 2013లో రాశారు. మన దేశంలో కేసరి పప్పు తిన్నవారి కాళ్ళు చచ్చుబడటానికి కారణమైనది అదే పదార్థం. 2015లో ఆ మాట మార్చి, ఎల్-కానవనిన్ అనే మరొక పదార్థం వైపు మొగ్గారు.

పుస్తకం బాగుంటుంది, కాని అందులో ఆ కుర్రవాడి మీద ప్రేమ పాలు ఎక్కువ. రచయిత తన వయసులో తాను ఒంటరిగా అలాస్కా కొండ ఎక్కిన కథను మధ్యలో పెట్టి, తనను అతనిలో చూసుకున్నారు. దాని ఫలితం పుస్తకం బయట కనిపించింది. ఆ బస్సును చూడాలని వెళ్ళినవారిలో 2010లో ఒకరు, 2019లో ఒకరు అదే నదిలో కొట్టుకుపోయి చనిపోయారు. చివరకు 2020 జూన్‌లో ఆ బస్సును హెలికాప్టరుతో ఎత్తి అక్కడి నుంచి తీసివేయవలసివచ్చింది. ఇంట్లో కోపగించుకొని ఉన్న ఇరవై ఏళ్ళ పిల్లవాడికి ఈ పుస్తకాన్ని మొదటి పుస్తకంగా నేను ఇవ్వను. అదే పిల్లవాడి తల్లిదండ్రులకు మాత్రం తప్పక ఇస్తాను. కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసిన తల్లిదండ్రుల గురించి అందులో ఉన్నంత వివరంగా, మర్యాదగా మరెక్కడా చదవలేదు.

ఇంటు థిన్ ఎయిర్: గడియారం చూపించే పుస్తకం

ఒక్కటే కొనగలిగితే ఇది కొనమంటాను. రచయిత క్రాకౌరే, 1997లో వచ్చింది. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్టు మీద వచ్చిన తుఫానులో ఎనిమిది మంది చనిపోయారు. ఆ రోజు ఒక పత్రిక తరఫున రచయిత కూడా ఆ కొండ మీద ఉన్నారు.

శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం రెండు గంటలకల్లా వెనక్కి తిరగాలన్నది కొండ ఎక్కించేవారు ముందే చెప్పుకున్న నియమం. చాలామంది రెండు దాటాక కూడా ఎక్కుతూనే ఉన్నారు. ఎంతో అనుభవమున్న గైడు రాబ్ హాల్ కూడా, అంతకుముందు ఏడాది శిఖరానికి దగ్గరగా వచ్చి తిరిగిపోయిన ఒక వ్యక్తి కోసం, సాయంత్రం నాలుగు ప్రాంతం దాకా పైనే ఉండిపోయారు. ఆయనది అత్యాశ అనలేం, మొండితనం అనలేం. తోటి మనిషి మీద జాలితోనే నియమం సడలిపోయింది. ఆ జాలి ఇద్దరినీ కిందికి దిగనివ్వలేదు. మనం గుంపుగా నడిచేటప్పుడు "ఇంకొంచెమే కదా, పాపం ఇంత దూరం వచ్చాడు" అనుకోవడం దీనికి భిన్నమైనదేమీ కాదు.

ఈ పుస్తకాన్ని నేను నమ్మడానికి మరో కారణం ఉంది. ఆండీ హారిస్ అనే గైడు క్షేమంగా గుడారానికి చేరాడని రచయిత మొదట చెప్పారు. చీకట్లో, ప్రాణవాయువు చాలని స్థితిలో తాను చూసింది వేరొక మనిషినని తర్వాత తెలిసింది. ఆ పొరపాటును, దానివల్ల హారిస్ ఇంటివారికి కలిగిన బాధను ఆయన పుస్తకంలోనే ఒప్పుకున్నారు.

లోపం కూడా చెప్పాలి. అనతోలీ బుక్రీవ్ అనే గైడు సిలిండరు ప్రాణవాయువు లేకుండా ఎక్కి, తన వెంట వచ్చినవారికంటే ముందే దిగిపోయారని రచయిత తప్పుపట్టారు. అదే బుక్రీవ్ ఆ రాత్రి తుఫానులోకి ఒంటరిగా వెళ్ళి ముగ్గురిని బతికించి తెచ్చారు. ఆయన వైపు కథ ద క్లైంబ్ అనే పుస్తకంలో ఉంది, అదీ 1997లోనే వచ్చింది. అదే ఏడాది క్రిస్మస్ రోజున బుక్రీవ్ అన్నపూర్ణ మీద హిమపాతంలో చనిపోయారు. రెండు పుస్తకాలూ చదవగలిగినవారు ఒకదాని తర్వాత ఒకటి వెంటనే చదవాలి, ఎందుకంటే ఒకే రాత్రిని ఇద్దరు నిజాయితీపరులు ఎంత వేరుగా చూడగలరో అప్పుడే అర్థమవుతుంది. భారతీయ పాఠకుడిగా నా మనసులో ఉన్న వెలితి వేరు. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు ఉత్తరం వైపు నుంచి ఎక్కిన మన ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వారు: త్సెవాంగ్ సమన్లా, త్సెవాంగ్ పల్జోర్, దోర్జే మోరుప్. దక్షిణం వైపు ఉన్నవారి కథకు దొరికిన చోటులో చిన్న భాగం కూడా వీరికి దొరకలేదు.

టచింగ్ ద వాయిడ్

1985లో పెరూ దేశంలో 6,344 మీటర్ల సియులా గ్రాండే ఎక్కి దిగుతుండగా జో సింప్సన్ కాలు విరిగింది. సైమన్ యేట్స్ అతణ్ణి తాడుతో అంచెలంచెలుగా దింపుతూ వచ్చాడు. చీకట్లో సింప్సన్ ఒక మంచు అంచు కింద గాలిలో వేలాడిపోయాడు. పట్టు జారి ఇద్దరూ పడిపోయే స్థితిలో యేట్స్ తాడు కోశాడు. లోతైన మంచు పగులులో పడ్డ సింప్సన్ బతికి, తిండి లేకుండా, విరిగిన కాలితో మూడు రోజులు పాకుతూ గుడారం చేరాడు. 1988లో వచ్చిన పుస్తకాన్ని ఆయన తాడు కోసిన యేట్స్‌కే అంకితమిచ్చారు.

ఒంటి నొప్పిని ఇంత దగ్గరగా చూపించిన పుస్తకం నేను మరొకటి చదవలేదు. కాని బతికి వచ్చినవారి పుస్తకాల గురించి పైన చెప్పిన చిక్కు దీనికే అన్నిటికంటే ఎక్కువగా వర్తిస్తుంది. నడకకు సిద్ధమయ్యేవారికి ఇది చేసే మేలు తక్కువ. ఏదో ఒక నిర్ణయం తీసుకొని, దానికి తనను తాను క్షమించుకోలేక బాధపడుతున్నవారికి మాత్రం ఇందులో గొప్ప ఊరట ఉంది.

ఓవర్ ద ఎడ్జ్: మన ఎండకు దగ్గరైనది

పేరు పెద్దగా వినిపించని ఈ పుస్తకం రాయలసీమవారికి ఎవరెస్టు పుస్తకాలకంటే ఎక్కువ పనికొస్తుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో చనిపోయినవారి గురించి మైకేల్ గిగ్లియెరి, థామస్ మయర్స్ 2001లో తెచ్చిన సంకలనం ఇది. వీరిలో ఒకరు నదిలో పడవలు నడిపిన జీవశాస్త్రజ్ఞుడు, మరొకరు ఆ లోయ దగ్గర పనిచేసిన వైద్యుడు. అధ్యాయాలను కారణాన్ని బట్టి విడదీశారు: అంచు నుంచి పడినవారు, ఎండకు పోయినవారు, మెరుపు వరదలో చిక్కినవారు, నదిలో మునిగినవారు, ఇలా. 1956లో రెండు విమానాలు ఢీకొని 128 మంది చనిపోయిన ప్రమాదం కూడా ఇందులో ఉంది.

కొండ ఎక్కేటప్పుడు కష్టం ముందు ఉంటుంది, అలసిపోతే దిగివస్తాం. లోయలో ఇది తలకిందులవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు దిగడం హాయిగా ఉంటుంది. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, వేసవిలో అడుగున 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు అయిపోయి, ఒళ్ళు అలసి, ఎండ నెత్తికెక్కిన వేళకు అసలు ఎక్కుడు మొదలవుతుంది. నదికి దిగి ఒకే రోజులో తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని అక్కడి అధికారులు బోర్డులు పెట్టి చెబుతున్నా ఏటా కొందరు ప్రయత్నిస్తూనే ఉంటారు. గండికోట అంచు నుంచి పెన్న దాకా దిగి, మధ్యాహ్నం పన్నెండుకు పైకి చూసినవారికి, భీముని కొలను లోయలోకి మెట్లు దిగి కైలాసద్వారం వైపు తలెత్తినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

నాకు కొత్తగా తెలిసిన సంగతి మరొకటి ఉంది. ఎండలో నీళ్ళు లేక పోయినవారి గురించి మనకు తెలుసు. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే విపరీతంగా తాగినా ఒంట్లో సోడియం పడిపోయి మనిషి తికమకపడి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చూసేవారికి అది వడదెబ్బలాగే కనిపించడంతో ఇంకా నీళ్ళు తాగిస్తారు. మన పెద్దలు నడకకు ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ కట్టిచ్చిన పద్ధతి విలువ నాకు ఈ భాగం చదివాకనే తెలిసింది.

దీన్ని ఏకబిగిన చదవకూడదు. వరుసగా చదివితే మనుషులు అంకెలైపోతారు, మనసు మొద్దుబారుతుంది. రోజుకు ఒక ఘటన చొప్పున, తప్పు ఎక్కడ మొదలైందో పెన్సిలుతో గీత పెట్టుకుంటూ చదవాలి. ఆత్మహత్యలకు, హత్యలకు విడిగా అధ్యాయాలున్నాయి. ఇటీవల ఇంట్లో అలాంటి దుఃఖం చూసినవారు ఆ అధ్యాయాలను, అవసరమైతే పుస్తకాన్నే, పక్కన పెట్టడం మంచిది. ఇదే ధోరణిలో ఎల్లోస్టోన్ పార్కు మరణాల గురించి లీ విట్లసీ 1995లో రాసిన డెత్ ఇన్ ఎల్లోస్టోన్ కూడా ఉంది. కుక్కను కాపాడబోయి 90 డిగ్రీలు దాటిన వేడినీటి బుగ్గలోకి దూకిన యువకుడి సంఘటన చదివాక కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు. మన దగ్గర అలాంటి బుగ్గలు లేవు కాబట్టి రెండింటిలో మొదటిదే చాలు.

రుద్రప్రయాగ చిరుత

జిమ్ కార్బెట్ రాసిన ఈ పుస్తకాన్ని అందరూ వేట కథగా చదువుతారు. నేను దీన్ని యాత్రికుల పుస్తకంగా చదువుతాను. కేదారనాథ్, బదరీనాథ్ దారుల మీద 1918 నుంచి 1926 దాకా ఒకే చిరుత ప్రభుత్వ లెక్కల ప్రకారం 125 మందిని చంపింది. చీకటి పడితే ఊళ్ళన్నీ తలుపులు బిగించుకొని మౌనంగా ఉండిపోయేవి. యాత్రికులు మాత్రం ఆగలేదు. సత్రంలో చోటు లేక అరుగుల మీద పడుకున్నవారు, నడవలేక ఆలస్యంగా చేరినవారు దాని బారిన పడ్డారు. ఒక గదిలో చీకట్లో ఇద్దరు స్నేహితులు ఒకే హుక్కా పంచుకుంటూ కూర్చున్నారు. హుక్కా చేతి నుంచి జారి కింద పడింది. ఏమిటీ అజాగ్రత్త అని మాట అనబోయి రెండోవాడు తలెత్తేసరికి, చిరుత అతని స్నేహితుణ్ణి వాకిలి దాటించి ఈడ్చుకుపోతోంది.

1918 నాటి విషజ్వరంలో శవాలను దహనం చేయలేక, నోట్లో నిప్పు పెట్టి లోయలోకి తోసేయడం వల్లనే చిరుతకు మనిషి మాంసం అలవాటైందని కార్బెట్ వివరించారు. తప్పు మొదలైన గడియ ఇక్కడ ఏ ఒక్కరిదీ కాదు, ఒక ప్రాంతమంతటి కష్టం అది. అలిపిరి సంఘటన తర్వాత కర్ర పట్టుకొని నడిచే భక్తులను చూసినప్పుడల్లా ఈ పుస్తకం గుర్తొస్తుంది. శివస్వాముల బృందాలను నడిపించే పెద్దలు దీన్ని చదవాలి. మన వైపు అడవుల కథ కావాలంటే కెన్నెత్ ఆండర్సన్ రేణిగుంట–కోడూరు రైలు దారిలోని మామండూరు పులి గురించి రాశారు గాని, అందులో వేటగాడి పాలు ఎక్కువ, యాత్రికుడి పాలు తక్కువ.

ద వరస్ట్ జర్నీ ఇన్ ద వరల్డ్, వైల్డ్

ఈ రెండింటినీ ఒకే చోట పెట్టడానికి కారణం, రెండూ పోయినవారి కోసం దుఃఖిస్తూ రాసినవి. ఆప్స్లీ చెర్రీ-గరార్డ్ 1922లో రాసిన మొదటిదానిలో, 1911 నడి శీతకాలంలో, పగలన్నదే లేని అంటార్కిటికా చీకట్లో, మైనస్ 60 డిగ్రీల చలికి పళ్ళు పగిలిపోతుండగా, ముగ్గురు మనుషులు పెంగ్విన్ గుడ్ల కోసం ఐదు వారాలు బండి లాగిన కథ ఉంది. తెచ్చిన గుడ్లు మూడు. తోడు వచ్చిన ఇద్దరూ మరుసటి ఏడు, దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ, కెప్టెన్ స్కాట్‌తో పాటు మంచులో ప్రాణాలు వదిలారు. వాళ్ళ చివరి గుడారం సరుకుల నిల్వకు దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. వాళ్ళు ప్రాణాలు వదిలిన నెల మొదట్లో అదే నిల్వ దగ్గర కుక్కల బండ్లతో కొన్ని రోజులు ఎదురుచూసి వెనక్కి వచ్చినవాడు ఈ రచయితే. ఇంకొంచెం ముందుకు వెళ్ళి ఉంటే అన్న ప్రశ్న ఆయనను బతికినంత కాలం వదల్లేదు. పుస్తకం పెద్దది, నిదానంగా సాగుతుంది. గుంపులో వెనకబడ్డవారి కోసం ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు కదలాలి అనే బాధ్యత మోసినవారికి ఇందులోని ప్రతి పేజీ తమదిగా తోస్తుంది.

షెరిల్ స్ట్రేడ్ 2012లో రాసిన వైల్డ్ తేలికైనది. తల్లి క్యాన్సర్‌తో పోయి, కాపురం చెదిరి, 26 ఏళ్ళ వయసులో 1995లో అమెరికాలోని పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే నడకదారిలో ఒంటరిగా దాదాపు 1,770 కిలోమీటర్లు నడిచిన కథ. మోయలేని సంచి, పాదాలకు చాలని బూట్లు, బరువు తగ్గించుకోవడానికి చదివిన పేజీలను రాత్రి తగలబెట్టడం వంటి వివరాలు కళ్ళకు కడతాయి. అడవి ప్రమాదాల గురించి నేర్చుకోవడానికి ఇది చాలదు. ఆడపిల్ల ఒంటరిగా నడిస్తే ఎదురయ్యే భయం మృగాల నుంచి మాత్రమే రాదని నిజాయితీగా చెప్పినందుకు, నడక మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్ళకు మాత్రం ముందుగా ఇదే ఇస్తాను.

కాశీయాత్ర చరిత్ర: మన దారి మీదే రాసినది

ఇంగ్లీషు రాదని ఎవరూ వెనక్కి తగ్గనక్కర లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. దాదాపు వందమంది పరివారం, పల్లకీ, గుడారాలతో సాగిన ఆ యాత్ర కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్ళింది. రోజూ రాసుకున్న వివరాలు 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వెంకట శివరావు గారు వివరణలతో తెచ్చిన ముద్రణ చదవడానికి అనువైనది.

ఇందులో ఒళ్ళు గగుర్పొడిచే సన్నివేశాలు ఉండవు. మజిలీకి మజిలీకి మధ్య ఎంత దూరం, దారి రాతి నేలా ఇసుకా, నీళ్ళు ఎక్కడ మంచివి, ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుంది, ఎక్కడ దొంగల భయం, ఇవే ఉంటాయి. శ్రీశైలం యాత్రికుల నుంచి కందనూరు (నేటి కర్నూలు) నవాబు వసూలు చేసిన పన్ను గురించి కూడా రాశారు. పైన చెప్పిన పుస్తకాల్లో మనుషులు దేన్ని మరచి చనిపోయారో, దాన్ని మరవకుండా రోజూ రాసుకున్న మనిషి పుస్తకం ఇది. ఒక్క లోటు మనసును పీడిస్తుంది. ఆ ఘాట్ల మీద పల్లకీ మోసిన బోయీల పాదాలు ఎలా ఉన్నాయో వాళ్ళ నోట మనకు వినబడదు. యజమాని రాసిన మాటల మధ్య ఊహించుకోవలసిందే.

ఎవరికి ఏది

మొదటిసారి శ్రీశైలం నడకకు సిద్ధమవుతున్నవారు ఇంటు థిన్ ఎయిర్ చదివి, ఓవర్ ద ఎడ్జ్ నుంచి ఎండ అధ్యాయం, వరదల అధ్యాయం చదివితే చాలు. వారం రోజుల పని. బృందాన్ని నడిపించేవారు వీటికి రుద్రప్రయాగ పుస్తకాన్ని, వీలైతే చెర్రీ-గరార్డ్‌ను చేర్చుకోవాలి. ఇంటర్, డిగ్రీ పిల్లలకు పాఠంగా చెప్పదలచిన ఉపాధ్యాయులు ఇంటు ద వైల్డ్ నుంచి నది భాగం ఒక్కటి తీసుకొని, పక్కన పటం పెట్టి, బుట్ట ఉన్న చోటును పిల్లల చేతనే గుర్తు పెట్టించవచ్చు. మొత్తం పుస్తకం ఇవ్వాలా వద్దా అన్నది పిల్లవాణ్ణి చూసి తేల్చుకోవాలి.

ఇంట్లో ఒకరిని కొండకో నదికో పోగొట్టుకున్నవారు అడిగితే నేను వెంటనే ఏ పుస్తకమూ చెప్పను. కొంతకాలం గడిచాక వాళ్ళే మళ్ళీ అడిగితే టచింగ్ ద వాయిడ్ ఇస్తాను, దాంతోపాటు ఎప్పుడైనా సగంలో ఆపి తిరిగి ఇచ్చేయవచ్చని చెబుతాను. సంకలనాలు మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకూడదు. అందులో వాళ్ళ మనిషి లాంటివారు ఒక పేరాలో ముగిసిపోతారు.

నా దగ్గరున్న ఇంటు థిన్ ఎయిర్ ప్రతి ప్రస్తుతం ఉగ్రస్తంభం దారిలో చెమట ఆగిపోయిన ఆ స్నేహితుడి ఇంట్లోనే ఉంది. రెండు గంటలకు తిరగాలన్న నియమం ఉన్న పేజీలో ఆ రోజు ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం వెళ్ళిన బస్సు టికెట్టు పెట్టి ఇచ్చాను. ఈ శివరాత్రికి వాళ్ళ అబ్బాయి మొదటిసారి నాగలూటి దారిన నడుస్తున్నాడు. టికెట్టు తీయకుండా పుస్తకం అతనికి అందించమని చెప్పాను.